ఒకే పొద్దున ఇద్దరు మేడంలు

పరుగే లోకమనుకున్న ఆ వయసులో నేను దేనికీ భయపడేదాన్ని కాను, ఒక్క మూత్రపరీక్షకు తప్ప. (నవ్వకండి, ఇచ్చుకున్నవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ.) రోజూ ఒక గంట ఎక్కడుంటానో డోపింగ్ పరీక్షవాళ్లకు ముందే తెలపాలి. వాళ్లొచ్చినప్పుడు శాంపిల్ ఇవ్వకపోతే ఏళ్ల తరబడి నిషేధం. సరిగ్గా కడపలో సెలక్షన్ పోటీకి ముందురోజు, పొద్దున ఆరుకే కోసిగిలో మా ఇంటికి మన దేశపు సంస్థ మేడం వచ్చింది. ఉన్నదంతా ఆమె సీసాల్లో పోసి, సంతకం పెట్టి, హమ్మయ్య అనుకున్నాను. ఆమె జీపు సందు తిరిగిందో లేదో ఇంకో జీపు! అంతర్జాతీయ సంస్థ తరఫున ఇంకో మేడం. ఒకరొచ్చినట్టు ఇంకొకరికి తెలియదట.

“ఇప్పుడే ఇచ్చినాను కదా మేడం! ఆమెనడిగి సగం తీసుకోండి,” అన్నాను.

“అట్ల పంచుకునేదానికి పైనుంచి కాగితం రావల్లమ్మా. ఇయ్యనంటే చెప్పు, అదే రాసుకుని పోతా. రేపు కడపలో పరిగెత్తేది ఉండదు.”

ఆ మాటకు మా అవ్వకు ఒళ్లు మండింది. “ఏం మనుషులమ్మా మీరు! చెంబెడు పాలుంటే మేము మూడిండ్లకు పోసుకుంటాం. ఉచ్చ పంచుకునేదానికి మీకు కాగితం కావల్లనా?” (తర్వాత ఆ రెండు సంస్థలూ శాంపిళ్లూ వివరాలూ పంచుకోవడం మొదలుపెట్టాయి. అది తన తిట్ల వల్లేనని అవ్వ ఊరంతా చెప్పుకుంది.)

తిట్టినా సరే, ఇంటికొచ్చినవాళ్లకు మజ్జిగ ఇవ్వకుండా ఉండే రకం కాదు అవ్వ. నేను సీలున్న బాటిల్ నీళ్లు తప్ప తాగకూడదు, మేడంకు ఆ కట్టడి లేదు. దాహం మీదుందేమో, లోటా ఖాళీ చేసింది. అవ్వ నింపింది. మూడో లోటాకు మేడం కుర్చీలో అటూ ఇటూ కదలడం మొదలుపెట్టింది. నన్ను కళ్లముందు నుంచి వదలకూడదని ఆమెకు రూలు. నేను ఇస్తే గాని ఆమె పోయేందుకు లేదు. ఒప్పుకుంటున్నాను, నాకప్పటికే వస్తోంది. అయినా “ఇంగా రాలేదు మేడం,” అంటూ పావుగంట బిగబట్టుకుని కూర్చున్నాను. “తల్లీ, నీకు దండం పెడతా, లెయ్యమ్మా!” అని ఆమె చేతులు జోడించాక లేచాను. సీసాలకు సీలు పడీపడగానే మేడం పెట్టిన పరుగు చూసి, ఈమె కూడా సెలక్షన్‌కు వస్తే నాకు కష్టమే అనుకున్నాను.

మర్నాడు కడపలో పరిగెత్తాను. నాలుగో స్థానం. ముగ్గురినే తీసుకున్నారు. ఆ ముగ్గురినీ వెంటబెట్టుకుని పరీక్ష గదికి నడిపించుకుపోయారు. నేనూ వెనకే వెళ్లి, తలుపు దగ్గరున్నామెను “నాది అక్కర్లేదా మేడం?” అని అడిగాను.

“నీది వద్దులేమ్మా. ఇంటికి పో,” అందావిడ.

శాంపిల్ అడగలేదని వెక్కి వెక్కి ఏడ్చిన మొద్దు ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.