టీకప్పులో సముద్రం

ఇప్పటికీ రస్కు చూస్తే మా భూగోళం మేడమే గుర్తొస్తారు. తొంభైల చివర్లో మాదాపూర్‌లోని మా ఆఫీసు పిల్లల పాఠాల సీడీలు చేసేది. సముద్రం పాఠం సరిచూసి, బాగుందని సంతకం పెట్టడానికి ఆవిడ విశాఖపట్నం నుంచి వచ్చారు. ఏ వస్తువునైనా వేలి కణుపుతో టకటక కొట్టి చూడడం ఆవిడ అలవాటు. నా కంప్యూటర్‌నీ కొట్టారు, టిఫిన్ డబ్బానీ కొట్టారు.

ఆ పాఠానికి నేను చేసిన కదిలే బొమ్మలో అలలు తగిలితే తీరంలోని కొండంతా గీత గీసినట్టు సమానంగా వెనక్కి జరిగేది.

"రాళ్ళన్నీ ఒక్కలాగే అరుగుతాయా అండీ?" అంటూ ఆవిడ ఒక ఉస్మానియా బిస్కట్టునీ, ఒక రస్కునీ కణుపుతో కొట్టి, పక్కపక్కనే టీలో నిలబెట్టి, చెంచాతో అలలు రేపారు. బిస్కట్టు కూలిపోయింది. రస్కు నిలబడింది. "మెత్తరాయి కూలినచోట సముద్రం లోపలికొస్తుంది. గట్టిరాయి కొమ్ములా ముందుకు నిలుస్తుంది. మళ్ళీ చెయ్యండి."

మర్నాడే సీడీ పంపాలి. మా మేనేజరు పది నిమిషాలకోసారి వచ్చి, "మేడమ్, జర సంతకం పెట్టుండ్రి. పిల్లలు గింత చూస్తరా ఏంది?" అని బతిమాలేవాడు. వచ్చినప్పుడల్లా ఆవిడ ఇంకో బిస్కట్టు ముంచి చూపించేవారు.

"మా ఉస్మానియాను గిట్ల ఆగం చేస్తరేంది మేడమ్!"

ఆవిడ రస్కులా కూర్చున్నారు. సాయంత్రానికి మేనేజరే మెత్తబడి, "సరే, మీరు చెప్పినట్టే చేస్తం," అని నీరసంగా ఆవిడ టీకప్పు అందుకున్నాడు.

"తాగకండి!" ఆవిడ కప్పు లాక్కుని, అడుగున చేరిన బిస్కట్టు పొడిని చూశారు. మొహం వెలిగిపోయింది.

"అరిగిన రాయి ఇసక అవ్వాలి కదండీ! మన బొమ్మలో ఇసకే లేదు!"