చేతి వెనక ముక్క

"ఆడోళ్ళు కూచునే కాణ్ణించి కనపడతందా?" అని అడిగాడు ఆయన.

"కనపడదు" అన్నాను నేను.

మొగుడూ పెళ్ళాలం మేమిద్దరం మాట్లాడుకున్న మాటల్లో ఇవే ఆఖరివి. ఆ తర్వాత ఆయన అయిదేళ్ళు బతికాడు. అదే ఇంట్లో, అదే కుండలో కూడు తింటూ బతికాడు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా తమ్ముడి కూతురు రాస్తోంది.

ఆయన నరసరావుపేట బజారులో దర్జీ. యుద్ధం రోజుల్లో సెలవు మీద ఊరికొచ్చిన సిపాయి ఒకడు చొక్కా కుట్టించుకోవడానికి వచ్చి, కుట్టు పూర్తయ్యేదాకా ఊరుకోలేక పేకముక్కలతో గారడీ చేశాడట. ఆ సిపాయి సెలవు అయిపోయేలోపు ఈయన దాన్ని పట్టేశాడు. సూది పట్టిన వేళ్ళు కదా.

ఆట ఇదీ. ఎదుటివాడు కట్టలోంచి ఒక ముక్క తీసి, చూసుకుని, మళ్ళీ కట్టలో పెట్టేస్తాడు. ఈయన కట్ట కలుపుతాడు. ఖాళీ అరచెయ్యి అందరికీ చూపించి, ఆ ముక్కనే గాలిలోంచి లాగుతాడు. ఒకసారి మోచేతి కింద నుంచి, ఒకసారి మోకాలి వెనక నుంచి, ఆఖరికి ముక్క తీసినవాడి గడ్డం కింద నుంచి. కిటుకంతా ఒకటే. ముక్క చేతి వెనక ఉంటుంది, వేళ్ళ మధ్య నొక్కిపట్టి. ఎదురుగా కూర్చున్నవాడికి అరచెయ్యే కనిపిస్తుంది. పక్కన ఉన్నవాడికి, వెనక ఉన్నవాడికి ముక్క కనిపిస్తుంది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడల్లా నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చేసేవాడు.

"తప్పు దొరికిందా?"

"బొటనేలు బిగుసుకుంటంది. ఖాళీ చెయ్యి అట్టా ఉండదు. నీళ్ళు దులుపుకున్న చెయ్యి మాదిరి ఉండాల."

వెళ్ళి చెయ్యి కడుక్కుని, దులుపుకుని, దాన్నే చాలాసేపు చూసుకున్నాడు. ఇంకోరోజు, "మీకు నవ్వు ముందే వస్తంది. ముక్క వచ్చినాక నవ్వండి" అన్నాను. "ఓసినీ, దొరసానీ!" అని, ముక్క వచ్చినాకే నవ్వడం నేర్చుకున్నాడు. కాపరానికొచ్చిన మూడేళ్ళలో ఆయన నా మాట విన్నది ఆ ఒక్క సంగతిలోనే. కూరలో ఉప్పు సంగతిలో కూడా వినలేదు.

తర్వాత పెద్దిళ్ళ వాళ్ళు శుభకార్యాలకి పిలవసాగారు. గురజాల వైపు ఒక ఆసామి ఇంట్లో పెళ్ళికి నన్నూ తీసుకెళ్ళాడు. మగవాళ్ళంతా సావిట్లో చాపల మీద కూర్చున్నారు. ఈయన లోపలి గడపకి వీపు పెట్టి నిలబడ్డాడు. ఆడవాళ్ళం తలుపు వెనక నిలబడి చూడాలి కదా. మాకు కనిపించిందల్లా ఆయన వీపూ, చేతుల వెనక వైపూ. ఆఠీను రాణి ఎర్రగా, నిక్షేపంలా ఆయన చేతి వెనక నిలబడి ఉంది.

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ ఇంటి పెద్దావిడ నా చెవిలో, "ఏమే, మీ ఆయన ముక్కని చెయ్యెనక పెట్టుకోని గాలిలో ఎతుకుతన్నాడేందే!" అంది. సావిట్లో మగవాళ్ళు ఆహా ఓహో అని చప్పట్లు. తలుపు వెనక నుంచి ఒక్కరు కూడా పైకి అనలేదు. మగవాళ్ళు వినేట్టు ఆ గడప దగ్గర ఎవరూ గొంతెత్తరు. ఇళ్ళలో ఆయన ఆట నిలబడింది అందువల్లే. ఆ సంగతి ఆయనకి తెలియదు, మాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో బస్సు కోసం నిలబడ్డాం, ఆ రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సు. ఆయనతో స్నేహితులు ఇద్దరున్నారు. నేను ఉండబట్టలేక చెప్పాను. "ఇళ్ళల్లో అయితే పర్లేదు. ఆడోళ్ళు చూసినా అనరు. స్టేజీ మీద మాత్తరం ఇది పనికిరాదు. అక్కడ ఆడోళ్ళని ఒక పక్కన కూచోబెడతారు. మందిలో ఎవురన్నారో ఎవురికీ తెలవదు, అనేస్తారు."

ఆయన స్నేహితుల వైపు తిరిగాడు. "ఇన్నారంట్రా? అచ్చరం రానిది నాకు ఆట నేర్పుతంది. ఆడోళ్ళు చూస్తే ఏందే? ఆళ్ళు చూసినా ఒకటే, గొడ్లు చూసినా ఒకటే."

వాళ్ళు నవ్వారు. బస్సు వచ్చేదాకా నవ్వారు.

ఆనాటి నుంచి నన్ను కూర్చోబెట్టడం మానేశాడు. దుకాణంలోనే చేసుకునేవాడు. చూసేవాళ్ళంతా స్నేహితులు, అంతా మగవాళ్ళు, అంతా ఎదురుగా.

ఏడాది తిరిగేసరికి ఊరూరూ తిరిగే నాటకం కంపెనీ ఒకటి పేటకి వచ్చింది. రంగం మార్చేటప్పుడు తెర ముందు నిలబడి జనం లేచిపోకుండా చూసే మనిషి వాళ్ళకి కావాలి. ఒక సాయంత్రం చేసి చూపించు, జనానికి నచ్చితే మాతో వచ్చెయ్ అన్నాడు యజమాని. దుకాణం తన తమ్ముడికి అప్పగిస్తానన్నాడు ఈయన. నా మాట ఎవరూ ఎత్తలేదు. మా అత్తే ఎత్తింది. "పోరా నాయనా, పో. ఈ గొడ్డుదాని సంగతి నేను చూసుకుంటాలే" అంది. అప్పటికి నాకు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. ఆవిడ చూసుకోవడం ఎలా ఉంటుందో నా ఒంటికి తెలుసు. ఈయన ఆ మాట విని పేక కలుపుకుంటూ కూర్చున్నాడు.

ఆట రోజు పొద్దున నా దగ్గరికి వచ్చాడు. పీట తెచ్చి నీళ్ళ కుండల పక్కన వేసి నన్ను కూర్చోబెట్టాడు. అడుగులు లెక్కపెట్టుకుంటూ గోడ దాకా వెళ్ళి నిలబడ్డాడు. "ఆడోళ్ళు నువ్వున్న కాడ ఉంటారు. నేను ఈడ" అన్నాడు. అంటే ఆ బస్సు కాడ నేనన్నది మర్చిపోలేదు. నలుగురిలో నవ్వి, ఏడాది పొడుగునా మనసులో పెట్టుకున్నాడు.

చెయ్యి ఎత్తాడు. వేళ్ళ పక్క నుంచి గోరంత తెల్లటి అంచు, దాని మీద ఎర్రటి చుక్క. స్పష్టంగా ఉంది. అప్పుడడిగాడు, నేను కనపడదని చెప్పాను.

ఎందుకు చెప్పానో నాకే తెలియదు. పోతే నన్ను ఆ ముసలిదాని చేతిలో పెట్టి పోతాడన్న భయం ఒకటి. బస్సు కాడి నవ్వు ఒకటి. రెండిట్లో ఏది ముందు నోటికొచ్చిందో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

తమ్ముడి కూతురు కలం ఆపి నా మొహం చూస్తోంది. రాయవే, ఆపబాక.

సాయంత్రం నేనూ ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను. రెండుసార్లు ముక్క లాగాడు, జనం బాగానే చూస్తున్నారు. మూడోసారి చెయ్యెత్తగానే మా వైపు నుంచి ఒక ముసలమ్మ, వెక్కిరింపు కూడా కాదు, పాపం సాయం చేద్దామనే, "అయ్యో నాయనా, యాడో ఎతుకుతావేంది, నీ చెయ్యెనకే ఉందిగా!" అని కేకేసింది.

పందిరంతా నవ్వింది. ఆయన ఆ ముసలమ్మ వైపు చూడలేదు. నా కోసం వెతికాడు, దొరికాను. ఆట పూర్తి కాకుండానే హార్మోనియం మొదలుపెట్టించాడు యజమాని.

ఇంటికొచ్చి కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. పేకని పొయ్యిలో పెట్టి, మా అత్తతో, "అన్నం పెట్టమను" అన్నాడు. అంతే. అత్త ఉన్నన్నాళ్ళూ ఆవిడతో చెప్పించేవాడు. ఆవిడ పోయాక గోడతో చెప్పేవాడు. "చెంబు యాడుందో" అని గోడని అడిగితే నేను తెచ్చి పెట్టేదాన్ని. నేను ఎన్ని మాట్లాడినా గోడకి చెప్పుకున్నట్టే ఉండేది. పోతాడేమోనని భయపడి ఆపుకున్నాను. ఆగాడు. ఆగి ఇట్లా ఆగాడు.

దగ్గు పట్టుకుని మంచాన పడ్డాక, ఒకరోజు చెయ్యెత్తి, వెనక వైపు నా కేసి తిప్పాడు. ఎముకలూ నరాలూ తప్ప ఏమీ లేవు. నీళ్ళ కోసమేమో అని చెంబు ఇచ్చాను. తాగలేదు. నేను చూశానో లేదో అడిగాడేమో. ఆ చెయ్యి మర్నాటికి చల్లబడింది.

ఇంక చాలు, అమ్మాయ్. మొదటినుంచీ చదివి వినిపించు. "కనపడదు" అన్న చోట, మేనత్తనని జాలిపడి పక్కన ఇంకో ముక్క ఏమన్నా కలిపావేమో వినాలి. కలిపుంటే తీసెయ్యి. చదువు.