తీపితో మొదలెట్టిన వైన్ విందు

ఒక్క పూట భోజనంలో పెద్ద ప్రాజెక్టునీ, ఆఫీసులో పరువునీ, కట్టుకున్న భార్య దగ్గర మిగిలిన కాస్త మర్యాదనీ కలిపి పోగొట్టుకోబోయిన ఘనుణ్ణి నేను. మీరు నవ్వు ఆపుకోనక్కర్లేదు, నేనూ ఆపుకోవడం మానేశాను.

మా ఆఫీసు ఆల్బనీలో. ఒకరోజు మీటింగ్‌లో మా మేనేజర్ హెలెన్, "గ్రాహం గారికి పెద్ద ద్రాక్షతోట ఉంది. ఆయన సాఫ్ట్‌వేర్ పని మనకే రావాలి. డిన్నర్‌కి పిలిచాను. వైన్ గురించి ఇక్కడ ఎవరికి తెలుసు?" అంది.

నా చెయ్యి నన్నడక్కుండానే లేచింది. చదువుకునే రోజుల్లో ఒక వేసవంతా ద్రాక్షగుత్తులు కోశాను లెండి. వైన్‌తో నా చుట్టరికం అంతవరకే.

"అయితే వైన్లు నువ్వే ఎంచు. ఆయన సంతోషిస్తే ప్రాజెక్ట్ లీడ్ నువ్వే. మీ ఆవిడనీ తీసుకురా," అంది హెలెన్.

ఊళ్ళో ఇంకోవైపున్న మౌంట్ రాస్కిల్‌లో ఇంటికెళ్ళి ఈ సంగతి చెప్తే మా సునీత నోరెళ్ళబెట్టింది.

"మీకు కొబ్బరినీళ్ళు తాగితేనే జలుబు చేస్తుంది కదండీ! వైన్ సంగతి మీకేం తెలుసని?"

"చూస్తూ ఉండు," అన్నాను. చూడ్డానికి ఏముందో నాకూ తెలీదు.

గ్రాహం తెల్లవైన్ తప్ప ముట్టడట. రెస్టారెంట్‌లో వైన్ల పేర్లు ఒక్కటీ నోరు తిరగలేదు. వడ్డించే అమ్మాయిని పక్కకి పిలిచి ఏది తీపి, ఏది పులుపు, ఏది కమ్మగా ఉంటుందో గుసగుసగా కనుక్కున్నాను. అంతే, బుర్రలో దీపం వెలిగింది. పెళ్ళిభోజనంలో ఏం చేస్తాం? ముందు తీపి, మధ్యలో పులుసు, చివర పెరుగు. వైన్లూ ఆ వరసలోనే చెప్పేశాను.

"సర్, తీపి వైన్ డెజర్ట్‌తో కదా ఇస్తాం?" అందా అమ్మాయి.

"మా పద్ధతి ఇదే," అన్నాను గంభీరంగా.

సునీత బల్ల కింద నా కాలు తొక్కింది. "ఆ పిల్ల ఏదో చెప్తోంది, వినండీ!"

"పెళ్ళిలో వడ్డన చూళ్ళేదా? ఊరుకో."

మొదట కోడి కాలేయం ముద్ద రాసిన టోస్ట్ వచ్చింది. పక్కనే తీపి వైన్. గ్రాహం కనుబొమలు పైకి లేచాయి. హెలెన్ మొహం పాలిపోయింది. నా ప్రాజెక్టు ఆయన గొంతులోకి గుటకగుటకగా దిగుతుంటే నాకు చెమటలు పట్టాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఈ ఉప్పదనానికి ఈ తీపి! ఇది పాత ఫ్రెంచ్ పద్ధతయ్యా! ఇక్కడ ఎవరికీ ఇంత ధైర్యం లేదు. ఎక్కడ నేర్చుకున్నావ్?"

"చిన్నప్పట్నుంచీ మా ఇళ్ళల్లో ఇంతేనండీ," అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు, గమనించండి.

తర్వాత వేయించిన చేప, దానికి పుల్లటి సోవిన్యాన్ బ్లాంక్. అదీ అదిరింది. నేను కుర్చీలో వెనక్కి వాలి, ఇలాంటి విందులు నాకు మామూలే అన్నట్టు కూర్చున్నాను. చివర్లో డెజర్ట్‌గా పంచదార కొండలాంటి పావ్లోవా కేకు వచ్చింది. దానికి నేను పెరుగన్నం లెక్కలో పెట్టిన కమ్మటి వైన్, షార్డొనే.

ఒక్క గుటకకే గ్రాహం కషాయం తాగించిన పిల్లాడిలా మొహం పెట్టాడు. "ఇదేంటి, ఇంత పుల్లగా ఉంది?"

అంత తీపి మీద కమ్మటి వైనైనా పుల్లగానే తగులుతుందని నాకేం తెలుసు? అంతవరకూ నిమ్మకాయ నీళ్ళు తప్ప ఏదీ ముట్టని సునీత నా చెవిలో, "పెరుగు దగ్గరకొచ్చాక స్వీటేంటండీ? అది తీయించి చీజ్ తెప్పించండి, అదీ పాలదే కదా!" అంది.

తెప్పించాను. గ్రాహం చీజ్ ముక్క కొరికి, షార్డొనే తాగి, బల్ల మీద చరిచాడు. "అద్భుతం! పని మీదే, హెలెన్. లీడ్ ఇతనే." నాకు అక్కడే లేచి గంతులెయ్యాలనిపించింది.

కానీ వెళ్ళేముందు ఆయన తన కార్డు తీసి సునీతకిచ్చాడు. "మీరు చెవిలో చెప్పడం చూశానమ్మా, చీజ్ ఆలోచన మీదే. మా తోటలో అతిథుల విందులు మీరు చూసుకుంటారా?"

ఇప్పుడు నేను ఆయనకి సాఫ్ట్‌వేర్ రాస్తాను, చుక్క ముట్టని మా ఆవిడ ఆయన వైన్లకి వంటకాలు జతచేస్తుంది. అందుకే మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. వైన్ తెలుసా అని ఎవరడిగినా ఇక జన్మలో నా చెయ్యి ఎత్తను. మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఎత్తుతాను.