తెలుగులో చెప్పందే ముద్ర వెయ్యని బంగారయ్య గారు

నిజం చెప్పాలంటే బంగారయ్య గారి మీద నాకు మొదటి రోజే ఒళ్లు మండింది. అది రెండు వేల ఒకటి, జూన్ నెల. రాఫెల్స్ ప్లేస్‌లో నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడబోతోందని అప్పటికే గుసగుసలు. పీఆర్, అంటే ఈ పరాయి దేశంలో శాశ్వతంగా ఉండే అనుమతి, వస్తే ఇక్కడే ఉండి ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు, రాకపోతే పెట్టె సర్దుకోవాలి. అర్జీ పెట్టాను. నా పాస్‌పోర్టులో పుట్టిన తేదీ జూన్ ఒకటి, మున్సిపాలిటీ వాళ్లిచ్చిన సర్టిఫికెట్‌లో ఆగస్టు పదిహేడు. ఈ తేడా ఎందుకొచ్చిందో ప్రమాణపత్రం ఇమ్మన్నారు.

ఎందుకొచ్చింది, నా బొంద! బళ్లో వెయ్యాలంటే జూన్‌కి ఐదేళ్లు నిండాలి. నాకు నిండలేదు. హెడ్మాస్టరు జూన్ ఒకటి అని రాసేశారు, నాన్న తలూపారు. మా తరగతిలో సగం మంది ఆ రోజే పుట్టారు మరి! కానీ పాస్‌పోర్టులో తేదీ తప్పని ఒప్పుకుంటే ఉన్న ఉద్యోగ పర్మిట్ కూడా పీకేస్తారని నా భయం. "మున్సిపాలిటీ గుమాస్తా పొరపాటని రాసెయ్ వసుంధరా, ఎవడొచ్చి చూస్తాడు?" అన్నాడు మా ఆఫీసు కృష్ణప్రసాద్. ఇంగ్లీషులో టైపు చేసి కూడా ఇచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని లంచ్ టైములో తంజోంగ్ పగార్‌కు పరుగెత్తాను. మేడ మీద చిన్న గది. ప్రమాణాలు చేయించే అధికారం ఉన్న లాయరు బంగారయ్య గారు, పక్క బల్ల దగ్గర ఆయన కూతురు నళిని.

"మకాన్ అయిందా అమ్మా?" అన్నారాయన.

"తర్వాత తింటాను అంకుల్. ఒక్క సంతకం చాలు."

"ముందు నిలబడి, ఇందులో ఏముందో తెలుగులో చెప్పు."

ఇదేం చాదస్తం అనుకుంటూ లేచాను. "మా మున్సిపాలిటీ గుమాస్తా..." అంతే, నోరు పెగల్లేదు. ఇంగ్లీషులో అయితే గడగడా చదివేసేదాన్నే. తెలుగులో అనబోయేసరికి నాన్న ముఖం కళ్ల ముందుకొచ్చింది.

"పాపం, ఆ గుమాస్తా ఏం చేసినాడు?" అంటూ ఆయన ముద్ర తీసి సొరుగులో పడేశారు.

"మీకేం అంకుల్! మీరు ఇక్కడే పుట్టారు. విమానం ఎక్కాల్సింది నేను!" అని అరిచేశాను. ఆయన నాకు కాఫీ తేవడానికి కిందికి వెళ్లారు.

"అప్పా మీద కోపం వద్దు లా," అంది నళిని ఇక్కడివాళ్ల యాసలో. ఆయన కథ ఆమే చెప్పింది.

తాత, తండ్రి ఇక్కడి రేవులో మూటలు మోసినవాళ్లు. బంగారయ్య గారు కోర్టులో దుబాసీగా చేరి, మన కూలీల మాటలు జడ్జీలకు ఇంగ్లీషులో చెప్పేవారు. అర్థం కాని కాగితాల మీద వేలిముద్ర వేసి మోసపోయినవాళ్లను అక్కడే చూశారు. సొంత భాషలో చెప్పించనిదే ముద్ర వెయ్యకపోవడం అప్పటి పట్టుదలే. పనిచేస్తూనే లా చదివి, నలభై దాటాక అదే కోర్టులో అధికారి అయ్యారు. ఇంకో ఏడాదిలో పెద్ద పదవి వస్తుందనగా, వాళ్లమ్మ కుమారమ్మ గారు మాటల్లో అన్నారట: "బళ్లో చేరే వయసు దాటిపోయిందని, నీకు రెండేళ్లు తగ్గించి రాయించినాం రా." మర్నాడే ఆయన తన ప్రమాణపత్రం తానే రాసుకుని, పై అధికారి ముందు పెట్టి, ఆ పదవి అందకుండానే రెండేళ్లు ముందుగా రిటైరై, ఈ గది తెరిచారు.

"ఎవరూ అడగనే లేదు అక్కా. అయినా చెప్పారు," అంది నళిని.

నాకు తల తీసేసినట్టయింది. ఆయన కాఫీతో వచ్చేసరికి లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు తెలుగులో చెప్పాను. "మా నాన్న అబద్ధం చెప్పాడని రాస్తారా అంకుల్?" అన్నాను.

"బిడ్డను చదివించాలని తొందరపడినాడు. అదే రాస్తా."

రాశారు. ముద్ర వేశారు.

రెండు నెలలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగాను. ఆగస్టు నెలాఖరుకి కంపెనీ మూసేస్తామని తేల్చి చెప్పేశారు. అప్పుడొచ్చింది ఉత్తరం. పీఆర్ ఇచ్చారు! లిటిల్ ఇండియాలో మైసూర్‌పాక్ కొనుక్కుని నేరుగా ఆయన గదికే పరుగెత్తాను.

నేను నోరు తెరవకముందే బంగారయ్య గారు కుర్చీలోంచి లేచారు. "రా అమ్మా, రా. ఇవాళ ఆగస్టు పదిహేడు కదా. ఇరవై ఎనిమిది నిండినాయి. నూరేళ్లు చల్లగా ఉండు."

ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లోనూ బయటా నాకు జూన్ ఒకటే పుట్టినరోజు. నేను నిజంగా పుట్టిన రోజున నన్ను దీవించినవాళ్లు లేరు. ఉత్తరం సంగతి చెప్పడం మరిచిపోయి, ఆ మిఠాయి డబ్బా పట్టుకుని అక్కడే ఏడ్చేశాను.