పులికాట్‌లో ఆగిన పడవ

రెండేళ్ల కిందట కచ్ చూడడానికి వెళ్తున్నప్పుడు రైల్లో నా ఎదురు సీటులో ఒక ఉప్పు వ్యాపారి కూర్చున్నాడు. మాది నెల్లూరని చెప్పగానే, "అయితే పులికాట్ మీ పక్కనే కదా. మా రణ్ ఉప్పు నేలల్లో పిల్లల్ని చేసే ఫ్లెమింగోలు చలికాలం మీ వైపు వస్తాయంటారు. ఎలా ఉంటుందక్కడ?" అని హిందీలో అడిగాడు. నేను ఉప్పు ధరల వైపు మాట మళ్లించాను. నెల్లూరులో నాకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఏడాదికోసారి షట్టరు దించి దేశం తిరిగి వస్తుంటాను. స్పితిలో మంచు, జైసల్మేర్ దగ్గర ఇసుక తిన్నెలు, చిరపుంజిలో వాన చూశాను. రెండు గంటల దూరంలో ఉన్న సరస్సు చూడలేదు.

మొన్న జనవరిలో ఆ లోటు తీర్చుకోవాలని బయలుదేరాను. ఈసారి ఒక్కణ్ణే కాదు. మా అక్క సుగుణమ్మ మనుబోలులో ఉంటుంది. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది, షుగరు మనిషి. ఆ వంకతోనే ఇన్నేళ్లూ ఆమెను వదిలేసి తిరిగాను. క్రిస్మస్‌కు వాళ్లింటికి వెళ్లి ఫోనులో ఫొటోలు చూపిస్తుంటే, "ఒరే దానం, ఎప్పుడూ ఫొటోలేనా? నన్ను యాడికన్నా తీసకపోరాదా?" అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది.

పొద్దున ఆరున్నరకు నెల్లూరులో ప్యాసింజరు ఎక్కాను. మనుబోలులో అక్క ఎక్కింది. చేతిలో సంచి, అందులో ఇడ్లీలు, పెరుగన్నం, నీళ్ల సీసా. మాత్ర వేసుకుని రెండు ఇడ్లీలు తిని, కిటికీ పక్కన కుదురుగా కూర్చుంది. గూడూరు వరకు పచ్చటి వరిమళ్లు. అది దాటాక నేల రంగు మారింది. ఎర్రమట్టి, సరుగుడు తోటలు, పడమట మసకగా కొండల వరస. అక్క ప్రతి స్టేషను పేరూ పైకి చదివింది.

నాయుడుపేటలో ఎండుచేపల గంపతో ఒకామె ఎక్కింది. మేము ఎక్కడికో తెలుసుకుని, "శ్రీహరికోట రోడ్డు మీద నిలబడి చూస్తే ఏం తెలస్తాది? మా చెల్లెలు పొన్నమ్మకు పడవుండాది. నేను పంపించినానని చెప్పండి" అని ఊరి పేరు, గుర్తులు చెప్పింది.

సూళ్లూరుపేటలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. స్టేషను బయట ఆటో మాట్లాడుకుని సరస్సు ఒడ్డున ఉన్న ఆ చేపల పల్లెకు చేరాం. పొన్నమ్మ, ఆమె భర్త ఏడుకొండలు వలలు సర్దుకుంటున్నారు. అక్కను చెయ్యి పట్టి పడవలో కూర్చోబెట్టింది పొన్నమ్మ. ఏడుకొండలు వెదురు గెడతో పడవను తోస్తుంటే నీళ్లు చప్పుడు లేకుండా పక్కలకు జరిగాయి.

అంత నీటిని నేను ఎక్కడా చూడలేదనను, అంత నిశ్శబ్దమైన నీటిని మాత్రం చూడలేదు. ఆకాశానికీ సరస్సుకూ మధ్య గీత లేదు. తూర్పున శ్రీహరికోట చెట్లు సన్నటి ఆకుపచ్చ దారంలా ఉన్నాయి. వాటికి అవతల సముద్రం. దూరంగా నీటి మీద తెల్లటి పట్టీ ఒకటి కనిపించింది. ఉప్పు మేట అనుకున్నాను. "మీరు చూడాలన్న పక్షులు అయ్యే" అన్నాడు ఏడుకొండలు.

వాటి వైపు వెళ్తుండగా పడవ అడుగు నేలకు రాసుకుని ఆగిపోయింది. గెడతో ఎంత తోసినా కదలలేదు. మోకాలి లోతైనా లేని నీళ్లు, కింద అడుసు.

"ఉత్తరపు గాలికి నీళ్లన్నీ అరవదేశం పక్కకు పోయినాయి. మద్దేనం సముద్రపు గాలి తిరిగితే మళ్లీ వస్తాయి. భయమేం లేదు" అంది పొన్నమ్మ.

అప్పుడు పదకొండు. అక్కకు ఏమైనా పెడదామని సంచి కోసం చూశాను. లేదు. ఆటోలోంచి నేను దించలేదు. కాసేపటికి పొన్నమ్మే ఆమె ముఖం చూసి, "ఏందక్కా, అట్టా చెమటలు పడతా ఉండాయి?" అంది. అక్క చేతులు వణుకుతున్నాయి. మాట ముద్దగా వస్తోంది. షుగరు పడిపోయిందని తెలిసినా, నా జేబులో చిన్న చాక్లెట్ కూడా లేదు. ఒడ్డు కనుచూపు మేరలో ఉంది, మోసుకుని నడిచే నేల లేదు.

"షుగరండీ, తీపి ఏదైనా కావాలి" అన్నాను.

పొన్నమ్మ వలల కింద నుంచి ఫ్లాస్కు తీసింది. "టీ ఉండాది. మా ఆయనకు చక్కెర నిండా ఉంటేనే దిగతాది." అక్క తలను తన భుజానికి ఆనించుకుని గుక్కగుక్కగా తాగించింది. పావుగంటకు వణుకు తగ్గింది. తర్వాత తమ సత్తుగిన్నెలోని చద్దన్నం, ఎండురొయ్యల పచ్చడి అక్క చేతికిచ్చింది. అది ఆ దంపతుల మధ్యాహ్న భోజనం. అక్క వద్దంటే వినలేదు.

మేము కదలకుండా ఉండేసరికి పక్షులే మా వైపు మేస్తూ వచ్చాయి. పొడవాటి కాళ్ల మీద నిలబడి, తల కిందులుగా నీళ్లలో ముంచి, వరసగా అడుగులేస్తూ. పడవకు ఇరవై బారల దూరంలో వాటి ముక్కుల చప్పుడు వినిపించింది. ఉన్నట్టుండి ఒకటి పరుగెత్తింది, వెనకే అన్నీ. రెక్కలు విప్పగానే తెల్లటి గుంపంతా ఎర్రగా, అంచులు నల్లగా మారిపోయి మా తలల మీదుగా సాగింది. అక్క తల వెనక్కి వాల్చి, చివరి పక్షి వెళ్లేదాకా చూసి, "ప్రభువా" అంది మెల్లగా.

రెండు గంటలకు గాలి తిరిగింది. నీళ్లు జానెడు పెరిగినా పడవ తేలలేదు. బరువు తగ్గాలని నేను దిగి, రెండో అడుగుకే తొడల దాకా కూరుకుపోయి పడ్డాను. అక్క చీర ఎగదోపుకుంది. నేను వద్దంటూనే ఉన్నాను.

"నలభై ఏండ్లు నాట్లేసినదాన్ని. నాకు అడుసు నేర్పిస్తావా? మడమ పెట్టబాక, వేళ్లతో తొక్కు" అని దిగింది. పొన్నమ్మతో కలిసి పడవ అంచు పట్టుకుని నడిచింది. ఆమె అడుగు చూసి నేను అడుగు వేశాను. యాభై గజాలు తోశాక పడవ తేలింది.

ఒడ్డుకు చేరాక డబ్బులు ఇస్తే పొన్నమ్మ పడవ బాడుగ వరకే తీసుకుంది. అన్నం మాట ఎత్తనివ్వలేదు. వెళ్లాలనుకునే వాళ్లు చలికాలంలో వెళ్లండి, పొద్దున్నే పడవెక్కండి, తినడానికి ఏమైనా దగ్గర ఉంచుకోండి. వీలైతే దారిలో దొరవారిసత్రంలో దిగి నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులను (పెలికన్లను) కూడా చూడండి. మాకు ఆ రోజు వీలు కాలేదు.

సాయంత్రం అయిదుంబావుకు తిరుగు రైలు. అక్క మళ్లీ కిటికీ పక్కనే కూర్చుంది. చీర కుచ్చిళ్లకు బురద ఎండి తెల్లబడింది. దారి పొడవునా ఒకటే ప్రశ్నలు. మంచు మీద నడిస్తే కాలు జారుతుందా, ఎడారిలో బావులు ఎంత లోతు, చిరపుంజిలో వడ్లు ఎక్కడ ఎండబోస్తారు. చివరిదానికి నాకు జవాబు తెలియదు. అక్కడ నాలుగు రోజులున్నా అడగాలని తోచలేదు.

మనుబోలులో అక్క కోడలు ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తోంది. అక్క దిగుతూనే రెండు చేతులూ చాపి ఆమెకు ఏదో చూపించడం మొదలుపెట్టింది. రైలు కదిలింది. నేను ఇంతకాలం దేశాన్ని నా రెండు కళ్లతోనే చూశానని అనిపించింది. ఖాళీ అయిన కిటికీ పక్క సీటులోకి జరిగి కూర్చున్నాను.