పోచంపల్లి బస్సు ఫోన్లు

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా స్పందనకు అంత తీరికెక్కడిది? కుక్కర్ ఎన్ని కూతలు వేసిందని అడిగితే, నా వైపే చూస్తూ నన్ను చూడకుండా నవ్వే రకం. అలాంటి పిల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో సెర్చ్ ఇంజన్ మార్కెటింగ్ నేర్చుకుంది. ఎవరైనా ఫోన్లో ఏదైనా వెతికితే పైన ప్రకటన వస్తుందే, అది పెట్టే పని. రెండు ఇంటర్వ్యూలకు వెళ్లింది. రెండు చోట్లా ప్రశ్న సగంలో ఉండగానే ఆలోచనల్లో ఎటో వెళ్లిపోయింది. మూడోదీ పోతే కొత్తపేటలో మా మామ చీరల దుకాణంలో కూర్చోవాలి. చీరలు మడతపెట్టీ పెట్టీ ఆ కళ్లలో కల ఆరిపోతుందేమోనని నా భయం.

ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం డాబా మీద నేనే ఆఫీసరునయ్యాను. సరూర్‌నగర్ చెరువు మీద ఇంకా కాస్త వెలుతురుంది.

"నువ్వు చేసిన ప్రాజెక్ట్ ఏంది?" అన్నాను.

"చెప్పుల షాపు," అంది. కోచింగ్ సెంటర్‌లో అందరి రెజ్యూమెల్లోనూ అదే రాయిస్తారు. లేని షాపు, లేని చెప్పులు.

"నిజంగ చేసిందే చెప్పరాదు?"

"అది ఫెయిలయింది గద వదినా."

నిజమే. మామ దుకాణానికి ప్రకటన పెట్టి, వెతికే మాట దగ్గర 'పోచంపల్లి' అని మాత్రం ఇచ్చి ఊరుకుంది. మగ్గం ఇంట్లో పుట్టినవాళ్లకు, జనం పోచంపల్లికి చీర కోసం కాక ఇంకెందుకు వెళ్తారో తోచదు. దాంతో పోచంపల్లి బస్సు వెతికేవాళ్లంతా ఫోన్ చేయసాగారు. దుకాణంలో తీరిక ఉండదని ఇచ్చింది ఇంటి నంబరు. ఎత్తేది మా అత్తమ్మ రాజేశ్వరమ్మ. పోచంపల్లినీ మగ్గాన్నీ వదిలి వచ్చాక ఆమెకు ఇక్కడ మాట్లాడే మనిషే తక్కువ.

"ఎల్బీనగర్‌ల ఎక్కు బిడ్డా. ఎవరింటికి పోతున్నవ్? గా సందుల మగ్గం సప్పుడు ఇంక ఇనొస్తదా?"

బస్సు సంగతి చిటికెలో తేలేది. మిగతా మాటలకు అన్నం చల్లారేది.

ఏ మాట వెతికినవాళ్లకు ప్రకటన కనిపించకూడదో చెప్పే వీలుందట. స్పందన అక్కడ 'బస్సు' అని పెట్టింది. ఫోన్లు ఆగాయి. నాలుగు రోజులకు మళ్లీ మోగాయి. నీ చదువు చట్టుబండలైందని ఏడిపించాను. 

"ఇప్పుడు గీ ఊళ్లె ఎంతమంది ఏమేం ఎతుకుతున్నరో వదినా," అంది డాబా గోడకు ఆనుకుని. "దవాఖాన, కిరాయి ఇల్లు, తప్పిపోయిన కుక్కపిల్ల. గా మాటలన్నీ దీపాలోలె కనబడితే ఎట్లుంటది?"

చెరువు అవతల ఒక్కో కిటికీ వెలుగుతోంది. కసురుదామనుకున్నదాన్ని, ఏ కిటికీలో ఎవరేం వెతుకుతున్నారోనని నేనూ చూస్తూ కూర్చున్నాను.

తెల్లారి వాన కురిసి ఆగింది. మెట్రో కిటికీలోంచి తడిసిన మిద్దెలు, ఆరేసిన బట్టలు, మబ్బు వెనక్కి జారిపోతున్నాయి. స్పందన పెదాలు కదుపుతూ చెప్పుల షాపు వల్లిస్తోంది. ఎల్బీనగర్ ఆఫీసులో నన్ను ప్లైవుడ్ గోడ ఇవతల కూర్చోబెట్టారు. లోపలి మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"ఈ చెప్పుల షాపు పొద్దుట్నుంచీ నా దగ్గరికి వస్తూనే ఉందమ్మా," అన్నారు ఇంటర్వ్యూ చేస్తున్న ఉదయలక్ష్మి గారు. ఆవిడది కోస్తా యాస. "మీరు సొంతంగా చేసిందేమైనా ఉందా?"

మళ్లీ ఎటో వెళ్లిపోయిందిరా దేవుడా అనుకున్నాను. చాలాసేపటికి స్పందన గొంతు వినిపించింది. బస్సు ఫోన్ల సంగతి మొదటి నుంచీ చెబుతోంది.

"బస్సు మాట ఆపేశారు కదా. మరి ఫోన్లు మళ్లీ ఎలా వచ్చాయండీ?"

"నేనే మల్ల తెరిచిన మేడమ్. ఫోన్లు ఆగినంక మా అమ్మ గా ఫోన్ ముందలేసుకుని కూసున్నది. బస్సులు బంద్ అయినయా బిడ్డా అని అడిగింది. నాకు పాణం ఒప్పలే."

"మా క్లయింట్లకు కూడా ఇలాగే చేస్తారా?"

"చెయ్యను మేడమ్. వాళ్లకు ఎవరు అక్కర్లేదో అడిగి, గా మాటలు రోజూ తీసేస్త. గిది నా సొంతం. ఎవరికోసం నడుపుతున్ననో నాకెరుకే."

గోడ ఇవతల నా కళ్లు నిండాయి. ఒకే ఇంట్లో ఉంటున్నాను, ఒకే కంచంలో తిన్న రోజులున్నాయి. నాకే తెలియలేదు.

ఉదయలక్ష్మి గారు రెజ్యూమె మడిచిన చప్పుడైంది. తర్వాత, "సోమవారం వచ్చేయండి. ఆ చెప్పుల షాపు మాత్రం మూసేయండి," అన్నారు.

మెట్లు దిగుతూ స్పందన నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, అమ్మకు చెప్పకు."

"ఏంది, ఉద్యోగమొచ్చిందనా?"

"అది చెప్పు. ఫోన్లు నేను తెప్పిస్తున్ననని చెప్పకు. ఊరికి పోయేటోళ్లు ఎవ్వరైనా తనను అడిగే పోతరనుకుంటున్నది."