నేను చంపని జింకలు

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చీమ కుడితే తేలంటాను. తేలు కుడితే ఏమంటానో తెలియదు, అంతదాకా ఎప్పుడూ రాలేదు, చీమకే మంచమెక్కాను. కాబట్టి ఇందులో ప్రతి సంగతినీ మీరు కాస్త తూకం తగ్గించి తీసుకోండి. ఒక్కటి మాత్రం తగ్గించకండి: షామీర్‌పేటలో, పెళ్లిచూపుల్లో కూర్చుని, నా పెళ్లిని నా నోటితోనే నరికేసుకోబోయాను.

తొంభైల నాటి సంగతి. మేడ్చల్ బస్టాండు దగ్గర విత్తనాల దుకాణంలో పనిచేసేవాణ్ని. మా మల్లేశం మామ ఒక సంబంధం తెచ్చాడు. పిల్ల పేరు సుగుణ. తండ్రి యాదగిరి గారు, షామీర్‌పేట దిక్కు ఫారెస్టు రేంజరు. అడవిలో ఎండుపుల్ల విరిగినా ఆయనకు నిద్రలో వినిపించేదట. ఇది నా అతిశయోక్తి కాదు, ఊరివాళ్లది. సొంత బావమరిది దొంగ టేకు దుంగలతో వస్తుంటే బండి ఆపి, మంచినీళ్లిచ్చి, యోగక్షేమాలు అడిగి, కేసు రాశారట. ఇది మాత్రం నిజమేనని ఆ బావమరిదే నాతో చెప్పాడు.

నాయిన, మామ, నేను బయల్దేరాం. బస్సులో మామ ఉపదేశం మొదలుపెట్టాడు.

"జంగ్లాతు ఆఫీసరు రా. ఎరువుల ధర, వడ్ల ధర ముచ్చట వెట్టకు. అడవి ముచ్చట చెప్పు, ఖుష్ అయితడు."

"అడవి గురించి నాకేం ఎరుక మామా?"

"ఇన్నేండ్ల సంది ఎరుకున్నయే మాట్లాడుతున్నవా రా? చెప్పు!"

నాకూ సబబుగానే తోచింది. కంసాలితో బంగారం గురించి మాట్లాడతాం, డాక్టరుతో రోగం గురించి మాట్లాడతాం. అడవి ఆఫీసరుతో వేట గురించి కాక ఇంకేం మాట్లాడతాం? ఈ లెక్కలో తప్పెక్కడుందో మీకు ఇప్పటికే తెలిసిపోయింది. మీరు పెళ్లిచూపులకు వెళ్లడం లేదు కదా, మీకు తెలుస్తుంది.

క్వార్టర్సు వరండాలో కుర్చీలు వేశారు. సుగుణ చాయ్ తెచ్చింది. పళ్లెం అంచున వాలిన ఆకుపచ్చ పురుగునొకదాన్ని వేలి మీదికి ఎక్కించుకుని, మెల్లగా తీసుకెళ్లి మందారం ఆకు మీద దించి వచ్చి, అప్పుడు నాకు కప్పు అందించింది. అంతే. నా గుండె చెరువు తూములా తెరుచుకుంది. ఈ పిల్ల దొరక్కపోతే ఆ దుకాణంలోనే ఏదో బస్తాలో పుచ్చిపోతాననిపించింది.

"ఖాళీ దొరికితే ఏం జేస్తవ్ బాబూ?" అని అడిగారు యాదగిరి గారు.

"షికారు సార్."

"సినిమాలకా?"

"లేదు సార్, వేట. మొదాలు కుందేళ్లను కొడుతుంటి. మజా రాలె. నెమళ్లు షురూ జేసిన. ఇగ నెమళ్లు గుడ బోరు కొట్టినయ్. మొన్న గుండ్లపోచంపల్లి గుట్టల్ల ఒక్కటే తూటా సార్, రెండు జింకలు!"

మామ నా తొడ గిచ్చాడు. శభాష్ అంటున్నాడనుకున్నాను. అంత గట్టిగా గిచ్చినవాడు మెచ్చుకోవడం లేదని నాకు తట్టలేదు.

"ఒక్క తూటకు రెండా?" ఆయన తాపీగా చాయ్ చప్పరించారు. "ఒకదాని ఎన్క ఒకటి నిలవడ్డయా?"

"అవు సార్, రేషన్ దుకాణం ముంగట నిలవడ్డట్టు."

"తుపాకి ఎవలది?"

"నాదే సార్. ఇంట్లనే ఉంటది."

"తోళ్లు ఏం జేసిండ్రు?"

"ఒకటి గోడకు కొట్టినం. ఇంకొకదాని మీద నాయిన కూసోని పూజ జేస్తడు."

ప్లాస్టిక్ చాప మీద పూజ చేసుకునే మా నాయిన, ఏ పాపమూ ఎరగకుండా ముద్దాయి అయిపోయి, నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు.

యాదగిరి గారు కప్పు కింద పెట్టారు. "బాబూ, జింకను కొడితే జైలు. బెయిలు గుడ కష్టమే. నా సర్వీసుల ఎంతమందినో గుట్టలల్ల ఉరికి ఉరికి పట్టుకున్న. చాయ్ తాక్కుంట ఒప్పుకున్నోడివి నువ్వే."

అప్పుడు సుగుణ గుమ్మంలోకి వచ్చింది. కుక్కలు కరిచిన జింకపిల్లను అదే వరండాలో పాలసీసా పట్టి బతికించిన పిల్ల అని నాకు తర్వాత తెలిసింది.

"నిజంగ కొట్టిండ్రా?" అని అడిగింది. కోపంగా అడిగితే తట్టుకునేవాణ్ని. కళ్లలో నీళ్లతో అడిగింది.

"లేదండీ! అంతా అబద్ధం! నేను దోమను గుడ బెదిరించి ఇడిచిపెడుత!"

"దొరికినోళ్లందరు గిదే అంటరు," అన్నారు ఆయన. "రేపు మేడ్చల్ వస్త. ఇల్లు చూస్త, వాడకట్టును అడుగుత. నువ్వు అబద్ధాలకోరువని సాబిత్ అయితే కేసు లేదు. కాకుంటే కేసే ఉంటది, లగ్గం ఉండది."

లోకంలో పెళ్లికొడుకులందరూ తాము బుద్ధిమంతులమని నిరూపించుకుంటారు. నేను పచ్చి అబద్ధాలకోరునని నిరూపించుకోవాల్సి వచ్చింది.

మర్నాడు యాదగిరి గారు జీపు తానే నడుపుకుంటూ వచ్చారు. పక్కనే ముందు సీట్లో సుగుణ. మేడ్చల్ సగం ఊరు మా ఇంటి ముందు నిలబడింది, మిగతా సగం గోడలెక్కింది. ఇల్లంతా వెతికారు. తుపాకి దొరికింది. దీపావళికి రీలు పెట్టి పేల్చే రేకు తుపాకి, ట్రిగ్గరు కూడా లేదు. ఆయన దాన్ని వాసన చూసి మరీ పక్కన పెట్టారు. గోడకు తోలు లేదు. ఆ మాటకొస్తే సున్నమూ లేదు.

తర్వాత సాక్షులు. ఇన్నేళ్లుగా నన్ను భరించినవాళ్లందరూ ఎగబడ్డారు.

"వీడు జింకను కొట్టుడా సారూ?" అన్నాడు చాయ్ హోటలు పెంటయ్య. "బొద్దింక కనవడితే బల్లెక్కుతడు. నా హోటల్ల బల్ల గట్లనే ఇరిగింది!"

"మొన్న పాము గరిసిందని లొల్లి లొల్లి జేసిండు," అంది పక్కింటి లచ్చవ్వ. "ఉరికిపోయి చూస్తే పైజామ నాడ!"

ఇక మా నాయిన వంతు. నేనెన్ని కోతలు కోసినా 'మావోడు మస్తు హుషారు' అని ఊరికి సర్దిచెప్పుకొచ్చిన మనిషి. భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో నలుపుతూ అన్నాడు: "అవు సారూ. నా కొడుకు అబద్ధాలాడుతడు. మాటలొచ్చిన కాడికెల్లి ఆడుతనే ఉన్నడు. గని గంతే సారూ. ఇంకేం జెయ్యడు."

ఇక్కడ మిమ్మల్ని నవ్వించలేకపోతున్నాను, క్షమించండి.

వెంటనే అమ్మ అందుకుంది. "చిన్నప్పుడు బోనాలకు కోడిని తెస్తే దానికి సరోజ అని పేరు వెట్టిండు సారూ. పేరు వెట్టినంక ఎట్ల కోస్తం? అది ముసల్దై సచ్చేదాక మా ఇంట్ల ఇంటిమనిషి లెక్కనే ఉండె. సచ్చిననాడు వీడు అన్నం ముట్టలె."

జీపులోంచి నవ్వు వినిపించింది.

యాదగిరి గారు టోపీ తీసి తల తుడుచుకున్నారు. "సరే, కేసు లేదు. గని జింకను కొట్టినోనికైతే చట్టమున్నది, జైలున్నది. గీ అబద్ధాలకోరును కనిపెట్టి ఉండెతందుకు నేను యాడికెల్లి ఆఫీసరును తేవాలె?"

"దానికి నేనున్న నాయినా," అంది జీపులోంచి సుగుణ.

ఆనాటి నుంచి నా నోరు రక్షిత ప్రాంతం, ఆమె అనుమతి లేనిదే అందులోంచి పుల్ల కూడా బయటికి రాదు. ఇందుమూలంగా సమస్త వన్యప్రాణులకు తెలియజేయునది ఏమనగా: చేత్తో ఎలాగూ కొట్టలేదు, ఇకపై నోటితో కూడా ఒక్క పిట్టనైనా కొట్టనని ప్రమాణం చేస్తున్నాను. కుందేళ్లు నిశ్చింతగా నిద్రపోవచ్చు.

ఇక కల్పించింది ఏదో చెప్పేయాలి. సగం ఊరు అంటే మా వాడకట్టులో నాలుగిళ్లవాళ్లు, అది మీరే తగ్గించుకుని ఉంటారు. సరోజ నిజం, తువ్వాలు నిజం. జీపులో సుగుణ లేదు. ఆయన ఒక్కరే వచ్చారు, ఔననీ కాదనీ అనకుండా వెళ్లిపోయారు. 'దానికి నేనున్న' అన్న మాట సుగుణ ఆ సాయంత్రం ఇంట్లో వాళ్ల నాయినతో అన్నదట. చాలా ఏళ్లకు, మనవణ్ని ఒళ్లో పెట్టుకుని, మామగారు చెప్పారు. నా గురించి ఎవరైనా అన్న మాటల్లో అంత మంచిది ఇంకొకటి లేదు, అన్నప్పుడేమో నేను అక్కడ లేను. అది నాకు అన్యాయమనిపించింది. అందుకే ఆమెను జీపెక్కించాను.

రాసింది సుగుణకు చదివి వినిపిస్తే చివరిదాకా విని, "నన్ను యాడ కూసోవెట్టినవ్? ఎన్క సీట్లనా?" అని అడిగింది.

"ముంగట సీట్లనే."

"అయితే ఉండనియ్యి," అంది.